ఓవెన్ లేదు, అచ్చుల్లేవు, చాక్లెట్ మాత్రం కావాలి

పోయిన నెల కేకుల సంగతి రాస్తూ చివర్లో "ఓవెన్ లేనివాళ్ళు బాధపడకండి, చాక్లెట్ చేసుకోండి" అని ఒక మాట అనేసి ఊరుకున్నాను. ఆ మాట నా మెడకే చుట్టుకుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చాక్లెట్ గురించే. అందుకని ఆవకాయ బూజు, ఇడ్లీ గట్టిపడడం లాంటివి వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి అంతా చాక్లెట్టే. ఒకే రకం ప్రశ్నలు చాలా వచ్చాయి కాబట్టి వాటిలో ఒక్కోటే వేశాను, మీ ఉత్తరం కనపడకపోతే అలగకుండా పక్కవాళ్ళది చదవండి.

*పిన్నిగారూ, మా పాప పుట్టినరోజుకి క్లాసులో పంచుదామని అర కిలో చాక్లెట్ స్లాబ్ కొన్నాను. గిన్నెలో నీళ్ళు మరిగించి, దాని మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించాను. మొదట చక్కగా కరిగింది, ఇంతలో ఏమైందో తెలీదు, ఇసక ముద్దలా బిగుసుకుపోయింది. మంట పెంచితే ఇంకా గట్టిపడింది. అంతా బూడిదలో పోసిన పన్నీరైంది. స్లాబ్ మంచిది కాదంటారా? — ఒక పాఠకురాలు, ఖమ్మం*

స్లాబ్‌ని అనకమ్మా, పాపం దాని తప్పేం లేదు. అందులో నీళ్ళు పడ్డాయి. "నేను పోయలేదు" అంటావు, నువ్వు పోయక్కర్లేదు, కింద మరిగే నీళ్ళ ఆవిరి పైకొచ్చి గిన్నె అంచు మీద చుక్క కట్టి లోపలికి జారితే చాలు. లేదా కడిగి సరిగా తుడవని గరిటె పెట్టి ఉంటావు. లేదా తొందరగా కరుగుతుందని మూత పెట్టి ఉంటావు, ఆ మూతకి పట్టిన చెమటంతా చాక్లెట్‌లో పడుతుంది. ఈ మూడోది నేనూ చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

చాక్లెట్ అంటే కొవ్వులో మెత్తటి పంచదార పొడీ కోకో పొడీ కలిసి ఉండడమే, దాన్లో తడి అన్నది దాదాపు ఉండదు. అలాంటి దాంట్లో రెండు చుక్కల నీళ్ళు పడితే, శనగపిండిలో నీళ్ళు చిలకరించినప్పుడు ఉండలు కడుతుంది చూడు, అచ్చం అలాగే పంచదార రేణువులు తడిసి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మంట పెంచితే ఆ ముద్ద మాడుతుంది తప్ప విడిపోదు.

ఇక్కడో వింత ఉంది. కాస్త నీళ్ళు పడితే పాడైన చాక్లెట్, ఇంకాస్త ఎక్కువ పోస్తే దారికొస్తుంది. ముద్ద కట్టిన దాన్ని పారేయకుండా, వేడి పాలు ఒక్కో చెంచా పోస్తూ కలుపుతూ ఉంటే నున్నగా జారుగా అవుతుంది. అది మళ్ళీ విరిస్తే టప్పున విరిగే చాక్లెట్ అవదు, కానీ బ్రెడ్డు మీద రాసుకోవచ్చు, బిస్కట్ ముక్కలు కలిపి ఫ్రిజ్‌లో పెట్టి తినొచ్చు. మాడు వాసన వస్తుంటే మాత్రం వదిలెయ్.

రెండోసారి చేసేటప్పుడు కింది గిన్నెలో నీళ్ళు రెండంగుళాలే పోసుకో, పై గిన్నె అడుగు ఆ నీళ్ళని తాకకూడదు. నీళ్ళు మరగ్గానే స్టవ్ కట్టేసి అప్పుడు పై గిన్నె పెట్టు. అర కిలో అయినా ముందే సన్నగా తరిగి పెట్టుకుంటే ఆ వేడికే కరిగిపోతుంది. మైక్రోవేవ్ ఉంటే ఇంకా సుఖం, ఆవిరి గొడవే లేదు, 30 సెకన్లకోసారి బయటికి తీసి కలపాలి అంతే. కరిగినట్టు పైకి కనపడదు, కలిపితేనే తెలుస్తుంది, అక్కడే చాలామంది ఇంకో నిమిషం పెట్టి మాడుస్తారు.

అచ్చుల కోసం బజారు తిరగొద్దు. అర కిలో చాక్లెట్ కరిగించి అందులో నాలుగు గుప్పిళ్ళ మరమరాలు వేసి కలిపి, నూనె కాగితం (బటర్ పేపర్) మీద చెంచాతో చిన్న చిన్న కుప్పలుగా పెట్టు, క్లాసంతటికీ సరిపోతాయి. మరమరాలు ముందు బాణలిలో కరకరలాడేలా వేయించి పూర్తిగా చల్లారనివ్వాలి. మా ఇంట్లో పుట్నాల పప్పుతో చేస్తాం, ఆ కమ్మదనం జీడిపప్పుకి కూడా రాదని నా అభిప్రాయం. పల్లీలూ బాగుంటాయి కానీ బడికి పంపేవాటిలో వద్దు, ఏ పిల్లకి పడదో మనకి తెలీదు, మరీ చిన్నపిల్లలకి గొంతులో అడ్డం పడతాయి కూడా.

*నమస్తే అండీ. మా అబ్బాయి హాస్టల్‌లో ఉంటాడు. ఇంట్లో చేసిన చాక్లెట్ పంపమ్మా అని ఒకటే గోల. ఒక వీడియోలో చూసి కొబ్బరినూనె, కోకో పొడి, పంచదార పొడి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి చేశాను. గట్టిగా, చక్కగా వచ్చింది. డబ్బాలో పెట్టి బస్సులో పంపితే వాడికి చేరింది చాక్లెట్ కాదు, పులుసు. ఎండాకాలంలో కరగని చాక్లెట్ ఏదైనా ఉందా? — గుంటూరు నుంచి ఒక తల్లి*

ఉందమ్మా, అది నీకు తెలిసిన విద్యే.

ముందు ఆ పులుసు సంగతి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీలకే కరిగిపోతుంది. డిసెంబరులో సీసాలో గడ్డకట్టి, సంక్రాంతి దాటితే మళ్ళీ నూనె అయిపోవడం ఏటా చూసేదేగా. ఆ వంటకం చలిదేశాల వాళ్ళకి బాగానే ఉంటుంది, గుంటూరు ఎండలో మాత్రం ఫ్రిజ్ తలుపు దాటి బతకదు. పోనీ అసలు సిసలు చాక్లెట్ అన్నా అందులో ఉండే కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37 కాబట్టే అది నోట్లో వెన్నలా కరుగుతుంది, ఆ గుణమే మే నెలలో మన కొంప ముంచుతుంది.

అందుకని కొవ్వు మీద నిలబడే చాక్లెట్ వదిలేసి, పాకం మీద నిలబడే చాక్లెట్ చెయ్. పాలపొడి చాక్లెట్ అంటారు, మన మైసూరుపాకుకి, కొబ్బరి లౌజుకి చుట్టం. ఎండకి కాస్త మెత్తబడుతుందేమో గానీ కరిగి కారదు, ఎందుకంటే దాన్ని పట్టి ఉంచేది కొవ్వు కాదు, పంచదార.

పంచదార ఒక కప్పు, నీళ్ళు అర కప్పు, ఉప్పు లేని బటర్ 50 గ్రాములు, పాలపొడి రెండు కప్పులు, కోకో పొడి పావు కప్పు. పాలపొడీ కోకో పొడీ కలిపి రెండుసార్లు జల్లించు, ఇది బద్ధకించావంటే తరవాత ఉండలు చిదపలేక ఏడుస్తావు. పాలపొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదువు, డెయిరీ వైట్‌నర్ అని ఉంటే దాంట్లో ముందే పంచదార కలిసి ఉంటుంది, అదే వాడాల్సి వస్తే పంచదార ముప్పావు కప్పుకి తగ్గించు. పళ్ళేనికి ముందే నెయ్యి రాసి పక్కన పెట్టుకో, ఎందుకంటే చివర్లో పళ్ళెం వెతుక్కునే టైము ఉండదు.

పంచదార, నీళ్ళు కలిపి పొయ్యి మీద పెట్టి, కరిగాక రెండు చుక్కల నిమ్మరసం వెయ్, పంచదార మళ్ళీ పలుకులు కట్టకుండా ఉంటుంది. తీగ పాకం రావాలి. ఒక చుక్క పళ్ళెంలో వేసి, ఒక్క క్షణం ఆగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీస్తే ఒక తీగ తెగకుండా నిలవాలి. థర్మామీటర్ ఉన్నవాళ్ళు 104, 105 డిగ్రీలు చూసుకోవచ్చు, నా వేళ్ళ కంటే అది ఎక్కువ చెప్పిందేమీ లేదు. తీగ రాగానే మంట తగ్గించి బటర్ వేసి కరగనిచ్చి, పొయ్యి కట్టేసి, పొడులు వేసి గబగబా కలుపు. రెండు నిమిషాల్లో అంచులు వదిలి ముద్దలా తిరుగుతుంది. పళ్ళెంలో అరంగుళం మందాన సర్ది, వెచ్చగా ఉండగానే, అంటే ఓ పావుగంటకి, చాకుతో గాట్లు పెట్టు. పూర్తిగా చల్లారాక కోస్తే అంచులు చిట్లిపోతాయి.

ఇప్పుడు తప్పుల సంగతి, ఎందుకంటే మొదటిసారి ఏదో ఒకటి జరుగుతుంది. గంటైనా గట్టిపడక పళ్ళేన్ని అంటుకుంటుంటే పాకం లేతగా ఉన్నప్పుడే దించావన్నమాట, మొత్తం మళ్ళీ బాణలిలో వేసి సన్నమంట మీద అంచులు వదిలేదాకా తిప్పు. పొడిపొడిగా రాలిపోతుంటే పాకం ముదిరింది, రెండు మూడు చెంచాల వేడి పాలు చిలకరించి కాస్త వెచ్చచేసి మళ్ళీ అద్దు. మొదటి ఉత్తరంలో చాక్లెట్‌కి నీళ్ళే శత్రువు అన్నాను కదా, ఇక్కడ నీళ్ళతోనే మొదలుపెడుతున్నాం, రెండింటినీ కలిపి గందరగోళపడకు. ఒకటి కరిగించే చాక్లెట్, ఇంకోటి పాకం చాక్లెట్, ఆ ఇద్దరూ అత్తాకోడళ్ళ లాంటివాళ్ళు, ఒకరి పద్ధతి ఇంకొకరికి గిట్టదు.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టు, ముక్కల మధ్య నూనె కాగితం పెట్టు. బయట వారం రోజులు ఉంటుంది. హాస్టల్‌లో అంతసేపు ఉంటుందని నువ్వు నమ్ముతున్నావా?

*పిన్నిగారూ, షాపులో కాంపౌండ్ అని ఒకటి, కూవర్చర్ అని ఒకటి ఉన్నాయి. రేటులో చాలా తేడా. కాంపౌండ్ అంటే నకిలీదా? — విజయనగరం పాఠకురాలు*

నకిలీ కాదు, వేరే సరుకు. కూవర్చర్‌లో ఉండేది కోకో బటర్. కాంపౌండ్‌లో దాని బదులు వనస్పతి లాంటి కొవ్వు ఉంటుంది, ప్యాకెట్ వెనక హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని రాసి ఉంటుంది చూడండి. రుచిలో తేడా ఉంది, లేదని నేను అనను, కాంపౌండ్ తిన్నాక అంగిట్లో మైనం పూసినట్టు ఒక పొర మిగులుతుంది. కానీ దాన్ని కరిగించి పోస్తే చాలు, ఏ సాధనా లేకుండా గట్టిపడి మెరుస్తుంది. కూవర్చర్‌ అలా లొంగదు. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదట, వాటిలో ఒక్క రకమే మనకి కావలసిన మెరుపూ టప్పున విరిగే గుణమూ ఇస్తుంది. దాని కోసం డార్క్ చాక్లెట్‌ని 45 డిగ్రీలకి పైన కరిగించి, 27, 28 దాకా చల్లార్చి, మళ్ళీ 31, 32కి వెచ్చబెట్టాలి, దీన్నే టెంపరింగ్ అంటారు. ఏసీ లేని వంటింట్లో, గది వేడే 36 ఉంటే, 28కి ఎక్కడ చల్లారుస్తాం చెప్పండి. మొదటిసారి చేసేవాళ్ళు కాంపౌండ్‌తో చెయ్యి తిప్పుకుని, శీతాకాలం వచ్చాక కూవర్చర్ జోలికి వెళ్ళండి.

*నేను చేసిన చాక్లెట్ల మీద నాలుగో రోజుకి తెల్లగా బూజులా వచ్చింది. పారేశాను. బూజేనా? — వరంగల్*

అయ్యో, పారేశారా. బూజు అయ్యుండదు. వేలితో రుద్ది చూడాల్సింది. వేలి వెచ్చదనానికి తెలుపు మాయమైతే అది కొవ్వు పైకి తేలడం. మాయం కాకుండా గరగరలాడితే పంచదార. ఫ్రిజ్‌లోంచి తీయగానే డబ్బా తెరిస్తే చాక్లెట్‌కి చెమట పడుతుంది, ఆ తడికి పైపంచదార కరిగి, ఆరాక తెల్లగా మిగులుతుంది. రెండూ చూడ్డానికి బాగోవు, తింటే ఏమీ కాదు. ఇక మీదట డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసి మూత తెరవకుండా అరగంట బయట ఉంచండి. పచ్చికొబ్బరి గానీ మీగడ గానీ కలిపినవాటి మీద వెంట్రుకల్లా మెత్తగా లేస్తే మాత్రం నిజంగా బూజే, అప్పుడు ఆలోచించకుండా పారేయండి.

*అమ్మా, మాది ద్వారకా తిరుమల దగ్గర పల్లె. కొబ్బరితోటలో కోకో వేశాం. ఏటా గింజలు ఎండబెట్టి అమ్మేస్తాం గానీ మా ఇంట్లో ఒక్కరం కూడా మా గింజల చాక్లెట్ తిన్నది లేదు. మనవరాలు అడుగుతోంది, ఇంట్లో చేయొచ్చా తాతా అని. చేయొచ్చా? — ఒక రైతు*

అయ్యా, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, అందులోనూ మీ గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలోనే. పండించే ఇంట్లో రుచి తెలియకపోవడం నాకూ బాధనిపించింది.

చేయొచ్చు, కాకపోతే షాపు చాక్లెట్‌లా నున్నగా రాదని మనవరాలికి ముందే చెప్పండి. కాయ కొట్టి, తెల్ల గుజ్జుతో పాటే గింజల్ని అరటాకులు కప్పి 5, 6 రోజులు పులియబెట్టి ఎండబెట్టడం మీకు నేను చెప్పేదేంటి, మీరే నాకు చెప్పాలి. ఒక్క మాట, అమ్మకానికని కొందరు పులియబెట్టకుండా ఎండేస్తారు, అలాంటి గింజల్లో చేదూ వగరూ తప్ప చాక్లెట్ వాసన రాదు. ఆ వాసనకి పునాది పడేది పులిసేటప్పుడే.

పావు కిలో ఎండు గింజలు మందపాటి బాణలిలో సన్నమంట మీద, వేరుశనగలు వేయించినట్టు, ఓ ఇరవై నిమిషాలు కదుపుతూ వేయించండి. పొట్టు చిటపటలాడి, ఇల్లంతా కమ్మటి వాసన వచ్చాక దించి, చల్లార్చి, నలిపి చేటలో చెరగండి. ఈ చెరిగే పని అమ్మగారికి ఇవ్వండి, మనవల్ల కాదు. మిగిలిన పప్పుని మిక్సీలో తిప్పండి, నీళ్ళు చుక్క కూడా వద్దు. ముందు పొడి అవుతుంది, తరవాత నువ్వుల ముద్దలా నూనె తేలుతుంది, ఎందుకంటే ఆ పప్పులో సగం పైగా కొవ్వే. మిక్సీ వేడెక్కితే ఆపి ఆపి తిప్పండి. ఎంత తిప్పినా నాలిక మీద కాస్త పలుకు తగులుతుంది. దాన్ని పోగొట్టడానికే చాక్లెట్ చేసేవాళ్ళు రాతి గ్రైండర్లలో ఒక రోజూ రెండు రోజులూ ఆగకుండా రుబ్బుతారు. చిన్న చిన్న చాక్లెట్ కార్ఖానాలు అమెరికాలో కూడా వాడే ఆ యంత్రాలు మన ఇడ్లీపిండి వెట్ గ్రైండర్‌ని మార్చి చేసినవే, తెలుసా. అలాగని ఇంట్లో గ్రైండర్‌ని రాత్రంతా ఆన్ చేసి పడుకోకండి, మోటారు కాలిపోతుంది.

ఇంటి మట్టుకు తేలిక దారి, పైన గుంటూరు తల్లికి రాసిన పాకం చాక్లెట్‌లో కోకో పొడి బదులు మీ ముద్ద అర కప్పు వేసి, బటర్ సగానికి తగ్గించడం. పొడిలో కొవ్వు చాలామటుకు పిండేసి ఉంటుంది, మీ ముద్దలో మొత్తం ఉంటుంది, అందుకే బటర్ తక్కువ చాలు. బెల్లం పాకంతో చేస్తే మీ గింజల వగరుకి ఇంకా బాగా కలుస్తుంది. చేశాక ఎలా వచ్చిందో ఒక ఉత్తరం ముక్క రాయండి.

*మా మామగారికి షుగర్. చాక్లెట్ అంటే ప్రాణం. పంచదార లేకుండా ఖర్జూరంతో చేస్తే పర్వాలేదా? — కర్నూలు కోడలు*

ఖర్జూరం తూకంలో మూడింట రెండొంతులు చక్కెరే తల్లీ. బెల్లమూ, తేనే కూడా చక్కెర కిందే లెక్క, పేరు మారుతుంది గానీ ఒంట్లోకి వెళ్ళాక పని అదే. ఆయన డాక్టరుని అడిగి, ఎంత తినొచ్చంటే అంత, ఇంకేమీ కలపని ముదురు డార్క్ చాక్లెట్ చిన్న ముక్క ఇవ్వడం నయం. ఖర్జూరం ఉండలు చేస్తే "ఇవి మంచివే" అని ఆయన అయిదు తినేస్తారు, మా ఇంట్లో జరిగింది అదే.

*ఆంటీ, మేం డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడ కాంపౌండ్ స్లాబ్ దొరకలేదు, చాక్లెట్ చిప్స్ కరిగిస్తే చిక్కగా, ముద్దగా వస్తోంది. నీళ్ళు పడలేదు, ఒట్టు. దీపావళికి అందరికీ ఇద్దామనుకుంటున్నా.*

నమ్మాను. కుకీల్లో కాలినా ఆకారం పోకుండా ఉండాలని ఆ చిప్స్‌లో కోకో బటర్ తక్కువ వేస్తారు, అందుకే జారుగా కరగవు. వాటిని కరిగించి ఏదైనా ముంచి తీయడానికి వాడకుండా ఇంకోలా వాడు. ఒక 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాకి మూడు కప్పుల చిప్స్, చిటికెడు ఉప్పు, సన్నమంట మీద కరిగేదాకా కలిపి ట్రేలో పోసి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టు, ముక్కలు కోసుకో. పాకం పట్టడం రానివాళ్ళకి ఇంతకంటే తేలికైంది లేదు. తియ్యగా ఉంటుంది, కాబట్టి సెమీ స్వీట్ రకం చిప్స్ తీసుకో. యాలకుల పొడి వేస్తే మీ అత్తగారికి కూడా నచ్చుతుంది.

*పిన్నిగారికి, నేను అయిదో తరగతి. అమ్మ నన్ను పొయ్యి ముట్టుకోనివ్వదు. నేనొక్కడినే చేయగలిగే చాక్లెట్ చెప్పండి. — తెనాలి*

అమ్మ మంచి పని చేస్తోంది నాన్నా, పాకం చుక్క మీద పడితే వేడినీళ్ళ కంటే ఎక్కువ కాలుస్తుంది, అతుక్కుపోతుంది కూడా. నువ్వు పొయ్యి లేకుండానే చెయ్. 200 గ్రాముల మేరీ బిస్కట్లు ప్లాస్టిక్ కవర్లో వేసి చపాతీ కర్రతో బాగా చితక్కొట్టు, ఈ పనిలో నీకు సరదా ఉంటుంది. అందులో మూడు పెద్ద చెంచాల కోకో పొడి కలిపి, అర డబ్బా కండెన్స్‌డ్ మిల్క్ కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీపిండిలా ముద్ద చెయ్, డబ్బా మూత మాత్రం అమ్మ చేత తీయించు. చేతికి నెయ్యి రాసుకుని గోళీకాయంత ఉండలు చేసి ఎండుకొబ్బరి పొడిలో దొర్లించు. ముద్ద మరీ అంటుకుంటుంటే ఇంకో రెండు బిస్కట్లు చితక్కొట్టి కలుపు. ఫ్రిజ్‌లో ఒక గంట.

మీ ఇంట్లో కుక్క ఉంటే దానికి మాత్రం ఒక్కటి కూడా పెట్టకు, కోకో కుక్కలకి విషం.